శబ్ద ప్రమాణం

కారు డాష్‌బోర్డు మీద వెలిగే లైట్లలో ఎర్రవాటితో పేచీ లేదు. ఆయిల్ ప్రెషర్ పడిపోయినా, ఇంజన్ మరిగిపోతున్నా ఎర్ర లైటు వెలుగుతుంది. బండి పక్కకి తీసి ఆపెయ్యడమే, ఆలోచించడానికేమీ ఉండదు. చిక్కంతా పసుప్పచ్చ లైటుతోనే. దాని మీద ఇంజన్ బొమ్మ గీసి ఉంటుంది, చూడబోతే చిన్నపిల్లలు గీసిన నీళ్ల పంపులా ఉంటుంది. అది వెలిగినా బండి నడుస్తుంది. ఇవాళ నడుస్తుంది, రేపూ నడుస్తుంది. నెల తిరిగేసరికి గోడ మీద ఆగిపోయిన గడియారంలా కళ్లకి అలవాటైపోతుంది.

ఈ లైటుని చట్టం పెట్టించింది మన ఇంజన్ మీద ప్రేమతో కాదు. అమెరికాలో 1996 మోడళ్ల నుంచి, మన దగ్గర భారత్ స్టేజ్-4 కార్లకి 2013 ఏప్రిల్ నుంచి ఓబీడీ-2 అనే వ్యవస్థ తప్పనిసరి అయింది. బండి తన పొగని తనే కాపలా కాసుకోవాలి, హద్దు దాటేలా ఉంటే లైటు వెలిగించి చెప్పాలి. అసలు ఉద్దేశం అదీ. అంటే అది వెలుగుతున్నది స్టీరింగు దగ్గర కూర్చున్నవాడి కోసం మాత్రమే కాదు. వెనక స్కూటరు మీద వస్తున్నవాడి ఊపిరితిత్తుల తరఫున కూడా. ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే ముందు ముందు పనికొస్తుంది.

పొగ మాట వచ్చింది కాబట్టి తర్కశాస్త్రం దాకా వెళ్లక తప్పదు. అక్కడ అందరికీ మొదట చెప్పే పాఠం పొగ గురించే. కొండ మీద పొగ లేస్తోంది, పొగ ఉన్నచోట నిప్పుంటుందని వంటింట్లో చూసి ఉన్నాం, కాబట్టి కొండ మీద నిప్పుంది. పదిహేడో శతాబ్దంలో తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడే. తర్కం చదువుకునేవాళ్లు ఇప్పటికీ ఆయన చిన్న పుస్తకంతోనే మొదలుపెడతారు. నాకు మొదటినుంచీ నచ్చింది పొగ నుంచి నిప్పుకి వెళ్లే దారి కాదు, దాని తిరుగుదారి. నిప్పుంది కాబట్టి పొగ ఉంటుంది అనకూడదట. ఎందుకంటే కొలిమిలో ఎర్రగా కాలిన ఇనపగుండులో నిప్పుంది, పొగ లేదు. పొగ రావాలంటే నిప్పు ఒక్కటే చాలదు, పచ్చికట్టె కూడా కావాలి. ఈ పచ్చికట్టెని వాళ్లు ఉపాధి అన్నారు.

కారులో పచ్చికట్టె సెన్సార్. లోపం ఉంటే చాలదు, ఆ లోపాన్ని చూసే సెన్సార్ అక్కడ ఉంటేనే లైటు వెలుగుతుంది. ఇంజన్‌ని పట్టి ఉంచే రబ్బరు మౌంటింగ్ చిరిగిపోతే లైటు రాదు. నీళ్ల పంపు బేరింగు అరిగి కీచుమంటున్నా రాదు. అవి ఇనపగుండు జాతి. మెకానిక్కు స్కానర్ పెట్టి చూసి "కోడ్ ఏమీ లేదు సార్, బండి బావుంది" అన్నాడంటే, పొగ లేదు కాబట్టి నిప్పు లేదన్నాడన్నమాట. అన్నంభట్టు ఒప్పుకోడు.

ఇక నా బండి సంగతి. 2014 మోడల్ పెట్రోలు బండి, తొంభై రెండు వేల కిలోమీటర్లు తిరిగింది. మొన్న ఉగాది దాటాక దానికి రెండు జబ్బులు ఒకేసారి పట్టుకున్నాయి. పసుప్పచ్చ లైటు వెలిగి ఆరనంది. పొద్దున మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు ముందు వైపు నుంచి గలగలమని ఒక చప్పుడు, రేకు డబ్బాలో చిల్లర పోసి ఊపినట్టు. మూడు నాలుగు సెకన్లు. ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు నిశ్శబ్దం. మా ఇల్లు పద్మారావునగర్లో, పార్కింగు మొదటి అంతస్తు కిటికీ కిందే. పై అంతస్తు వాళ్లకి నేను బయల్దేరానని ఆ చప్పుడుతోనే తెలిసేది.

ఒక పెద్ద వర్క్‌షాపుకి తీసుకెళ్లాను. పేరు అనవసరం. ఏసీ గది, కాఫీ మిషను, గాజు గోడ అవతల బండ్లు. స్కానర్ పెట్టారు. పీ-0016 అని వచ్చింది. "క్యామ్‌షాఫ్ట్ సెన్సార్ పోయింది సార్" అన్నాడు నున్నగా ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకున్న కుర్రాడు. మార్చారు. లైటు తీసేశారు. ఎనిమిదో రోజు సంగీత్ చౌరస్తా దగ్గర సిగ్నల్లో ఉండగా మళ్లీ వెలిగింది. గలగల అయితే మధ్యలో ఒక్కరోజు కూడా మానలేదు.

ఆ కుర్రాడు అబద్ధం చెప్పాడని నేననను. కానీ ఆ కోడ్ ఏం చెబుతుందో కొంచెం ఓపిగ్గా చూడాలి. ఇంజన్లో కింద క్రాంక్‌షాఫ్ట్, పైన క్యామ్‌షాఫ్ట్. కిందది రెండు చుట్లు తిరిగితే పైది ఒక చుట్టు తిరగాలి, ఆ లెక్క తప్పకూడదు. రెంటినీ కలిపి తిప్పేది టైమింగ్ చెయిన్. కింద ఒక సెన్సార్, పైన ఒక సెన్సార్, ఎవరి షాఫ్ట్ ఎక్కడుందో వాళ్లు కంప్యూటర్‌కి చెబుతుంటారు. పీ-0016 అంటే ఈ ఇద్దరు సాక్షుల మాటలూ పొసగడం లేదని. అంతే. పై సాక్షి తప్పు చెబుతున్నాడనీ కాదు, కింది సాక్షి తప్పు చెబుతున్నాడనీ కాదు. మధ్యలో వైరు తెగి ఉండొచ్చు. ఆయిల్ మడ్డికట్టి వాల్వు టైమింగ్‌ని మార్చే కంట్రోల్ వాల్వు బిగుసుకుపోయి ఉండొచ్చు. అన్నిటికంటే నాకు ఆసక్తికరంగా తోచిందేమంటే, ఇద్దరు సాక్షులూ నిజమే చెబుతూ ఉండొచ్చు. చెయిన్ సాగిపోయి పై షాఫ్ట్ నిజంగానే నాలుగు డిగ్రీలు వెనకబడి ఉంటే, ఇద్దరూ ఉన్నది ఉన్నట్టే చెబుతున్నారు, ఆ ఉన్నదే బాగాలేదు. అలాంటప్పుడు సాక్షిని మార్చడం ఎందుకో!

నేను ముప్ఫయ్యేళ్లు ఆడిట్ ఆఫీసులో పనిచేశాను. రెండు పుస్తకాల్లో బాకీలు కలవకపోతే కొత్తగా చేరినవాళ్లు వెంటనే ఏదో ఒక పుస్తకం దిద్దేసేవాళ్లు. కలిసిపోయేది. కలిసిందని అందరూ ఇళ్లకి వెళ్లిపోయేవాళ్లు.

తర్వాత వెళ్లింది లాలాగూడ వైపు, రైల్వే గోడ పక్కన ఒక రేకుల షెడ్డుకి. దాన్ని నడిపేది అరవై దాటిన ఉస్తాద్. ఆయన తండ్రి లాలాగూడ వర్క్‌షాపులో ఫిట్టరట. నిజాం రైల్వే కోసం 1893లో కట్టిన వర్క్‌షాపు అది, ఇప్పటికీ నడుస్తోంది. చెవితో లోహాన్ని పరీక్షించడం రైల్వే వాళ్లకి పాత విద్య. స్టేషన్లో రైలు ఆగినప్పుడు పొడుగు కర్ర ఉన్న సుత్తితో ఒక్కో చక్రాన్నీ కొట్టుకుంటూ వెళ్లే మనిషిని పాతతరం వాళ్లు చూసే ఉంటారు. బాగున్న చక్రం గంటలా మోగుతుంది, బీట ఉన్నది బొంగురుగా పలుకుతుంది. కుండ కొనేటప్పుడు వేలి కణుపుతో కొట్టి వినడం అందులోదే. ఇప్పుడు రైల్వేలో ఆ పనికి అల్ట్రాసోనిక్ మిషన్లు వచ్చాయి, అదీ వినడమే, మన చెవికి అందని స్వరాన్ని.

ఉస్తాద్ స్కానర్ తియ్యలేదు. ముందు ప్రశ్నలు. "పొద్దుగాల ఫస్ట్ స్టార్ట్‌ల వస్తదా, వేడెక్కినంక వస్తదా?" "ఎక్సలేటర్ ఇస్తే పెరుగుతదా?" "ఎత్తు మీద లోడు పడ్డప్పుడు ఎట్లుంటది?" ఆయిల్ ఎన్నాళ్లకి ఒకసారి మార్పిస్తానని అడిగి, నేను చెప్పింది విని, డిప్‌స్టిక్ బయటికి లాగి గుడ్డతో తుడిచి మళ్లీ ముంచి చూశాడు. అప్పుడు అన్నాడు: "రాత్రికి బండి ఈడనే ఇడ్చిపెట్టుండ్రి సార్. సల్లగున్నప్పుడు నేను ఇనాలె."

ఈ ప్రశ్నలన్నీ ఉత్తినే అడిగినవి కావు. వేడెక్కాక తగ్గే టిక్కుటిక్కు ఎగ్జాస్ట్ లీకు కావొచ్చు, లోహం వేడికి సాగి సందు మూసుకుంటుంది కనక. లోడు పడ్డప్పుడు లోపల్నించి దబదబమని వచ్చేది కనెక్టింగ్ రాడ్ బేరింగు, అది చెడ్డ వార్త. టాపెట్ల చప్పుడు ఇంజన్ వేగానికి సగం వేగంతో కొడుతుంది, ఎందుకంటే క్యామ్‌షాఫ్ట్ తిరిగేది సగమే కదా. చల్లగా ఉన్నప్పుడు మాత్రం నాలుగు సెకన్లు గలగలమని ఆగిపోయేది చెయిన్ వైపు. చెయిన్‌ని బిగువుగా పట్టే టెన్షనర్ ఆయిల్ ప్రెషర్‌తో పనిచేస్తుంది. రాత్రంతా నిలబెడితే అందులో ఆయిల్ కిందికి జారిపోతుంది. పొద్దున ప్రెషర్ ఎక్కేదాకా చెయిన్ వదులుగా ఊగి కవరుకి కొట్టుకుంటుంది. ఎక్కాక బిగుసుకుంటుంది, చప్పుడు పోతుంది, మనం కూడా మర్చిపోతాం.

మర్నాడు ఆరున్నరకి నేనూ వెళ్లాను. పొడుగు స్క్రూడ్రైవర్ మొనని ఇంజన్ ముందు కవరు మీద పెట్టి, పిడిని చెవి పక్క ఎముకకి ఆనించి, కుర్రాణ్ని స్టార్ట్ చెయ్యమన్నాడు. కళ్లు మూసుకున్నాడు. ఆపించాడు. అరగంట పోయాక నా చేతికి స్క్రూడ్రైవర్ ఇచ్చి, ఇంజన్ నడుస్తుండగా ఇక్కడ పెట్టండి, అక్కడ పెట్టండి అన్నాడు. నాకు అన్నిచోట్లా ఒకే హోరు. ఆయనకి అక్కడ నాలుగైదు వేర్వేరు మనుషులు మాట్లాడుతున్నట్టుంది.

ఆ తర్వాత ఆయన చెప్పిన మాటల్ని ఇంటికొచ్చి కాగితం మీద రాసుకున్నాను, ఉద్యోగం అలవాటు. "చెయిన్ దిక్కుకెల్లి శబ్దం వస్తుంది, అది ఖాయం. చెయినే సాగిందని నా అందాజ. టెన్షనర్ గావొచ్చు, దాని గైడ్ గావొచ్చు. తెరువకుంట చెప్పస్తలేదు. ముందుగాల ఆయిల్ మార్చి, కంట్రోల్ వాల్వు సాఫ్ చేసి సూద్దాం. దాంతోని పోతే మీ పైసలు మిగుల్తయ్. పోతదని మాత్రం అనుకుంటలేను." నేను కోడ్ సంగతి ఎత్తితే నవ్వాడు. "లైటు పిలుస్తది సార్. చెప్పదు."

ఇప్పుడు ఈ వ్యాసానికి పెట్టిన పేరు దగ్గరికి రావాలి. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నైయాయికులు నాలుగు ప్రమాణాలు చెప్పారు, మనకి నిజం తెలిసే నాలుగు దారులు. మామూలు తెలుగులో శబ్దం అంటే చప్పుడు. వాళ్ల లెక్కలో శబ్దం అంటే ఆప్తుడి మాట, నమ్మదగినవాడు చెప్పింది. బాగుచేయించుకోడానికి వెళ్లిన నాలాంటివాడి దగ్గర ఉన్న ప్రమాణం ఆ ఒక్కటే. చప్పుడు వినిపిస్తుంది గాని అది నాకు ప్రత్యక్ష జ్ఞానమేమీ ఇవ్వదు. అనుమానం చెయ్యడానికి కావలసిన అనుభవం లేదు. ఒకరి మాట మీద ఆధారపడాలి. డాక్టరు దగ్గరా, వకీలు దగ్గరా, బంగారం కొట్లోనూ ఇంతే. రోజులో మనం నమ్మేవాటిలో సొంతంగా తెలుసుకున్నవెన్నని లెక్క తీస్తే చిల్లర కూడా మిగలదు.

మరి ఆప్తుడెవరు? న్యాయభాష్యం రాసిన వాత్స్యాయనుడు (కామసూత్రాలాయన వేరు) దీన్ని చాలా సూటిగా తేల్చాడు. విషయాన్ని స్వయంగా తెలుసుకుని ఉండాలి. తెలిసింది తెలిసినట్టుగా ఎదుటివాడికి చెప్పాలన్న కోరిక ఉండాలి. ఈ లక్షణం ఋషికైనా, ఆర్యుడికైనా, మ్లేచ్ఛుడికైనా ఒకటే అన్నాడు. ఆ కాలంలో ఆ మాట అనడం చిన్న విషయం కాదనుకుంటాను. కులం, గోత్రం, ఏసీ గది ఏవీ లెక్కలోకి రావు.

రెండో షరతు చదువుతుంటే ఉస్తాద్ మాటలకి ఇంకో కొలత దొరికింది. ఆయన మాటల్లో ఖాయం వేరే ఉంది, అందాజ వేరే ఉంది, తెలియనిది వేరే ఉంది, తెలుసుకునే దారి వేరే ఉంది. ఒకదాన్ని ఇంకోదాని గంపలో వెయ్యలేదు. తెలిసింది తెలిసినట్టు చెప్పడమంటే తెలియంది తెలియనట్టు చెప్పడం కూడా. అవతలి కుర్రాడు "సెన్సార్ పోయింది" అన్నప్పుడు అందాజని తీసుకెళ్లి ఖాయం గంపలో పెట్టాడు. అతను దొంగ కాకపోవచ్చు. అక్కడ "తెలీదు" అని రాయడానికి జాబ్ కార్డులో గడి లేదు మరి. బిల్లు వెయ్యాలంటే ఒక పార్టు పేరు కావాలి. ఆప్తుడు కావాలన్న కోరిక మనిషికి ఉన్నా, కూర్చున్న కుర్చీ పడనివ్వని సందర్భాలుంటాయి.

చెడ్డ ఉద్దేశం ఏమాత్రం లేకుండా ఖాయం గంప నింపేసిన ఒక పెద్దమనిషి మన ఊళ్లోనే ఉండేవాడు. ఎడ్వర్డ్ లారీ, హైదరాబాదులో రెసిడెన్సీ సర్జన్, ఇక్కడి మెడికల్ స్కూలు అధిపతి. ఆపరేషన్లకి క్లోరోఫాం ఇచ్చే రోజులు. కొందరు రోగులు బల్ల మీదే ప్రాణం వదిలేవాళ్లు. ఆ ప్రమాదాన్ని ముందే పసిగట్టాలంటే దేన్ని గమనించాలి, నాడినా, ఊపిరినా? ఇదీ ప్రశ్న, అచ్చంగా డాష్‌బోర్డు ప్రశ్న. ఊపిరిని చూస్తే చాలు, గుండెకి క్లోరోఫాం నేరుగా హాని చెయ్యదు అని లారీ పట్టుదల. 1888లో హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ వేసి జంతువుల మీద ప్రయోగాలు చేశారు. ఇంగ్లండులో నమ్మకపోతే, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఖర్చు పెట్టుకోగా, 1889లో రెండో కమిషన్ జరిగింది. లాన్సెట్ పత్రిక లాడర్ బ్రంటన్ అనే పేరున్న డాక్టర్ని పంపింది. ఆయన ఈ సిద్ధాంతాన్ని సందేహించేవాడే. వందలాది కుక్కల మీద, కోతుల మీద చూశాక ఆయన కూడా లారీ వైపు మొగ్గాడు. ఊపిరే ముందు ఆగుతోంది, గుండె తర్వాత. తీర్పు ఖాయం.

1911లో ఎ. జి. లెవీ చూపించిందేమంటే, క్లోరోఫాం మత్తు తేలిగ్గా ఉన్నప్పుడు, ఊపిరి బాగానే ఆడుతుండగానే, గుండె గతి తప్పి కొట్టుకులాడి హఠాత్తుగా ఆగిపోగలదని. లారీ దగ్గర రోగుల విషయంలో అంత జాగ్రత్త తీసుకునేవారు, ఊపిరిని అంత బాగా కనిపెట్టుకుని ఉండేవారు. చూసింది నిజమే. కానీ చూసినచోట కనపడలేదు కాబట్టి ఎక్కడా లేదన్నారు. ఇరవై ఏళ్లకి పైగా ఎంతమంది డాక్టర్లు ఆ మాట నమ్మి నాడి మీంచి వేలు తీసేశారో! నిజాం డబ్బు, లాన్సెట్ పేరు, వందల ప్రయోగాలు, అన్నీ కలిసి ఒక అందాజని ఖాయం చేసేశాయి.

దీనికి ఎదురువాదం కూడా సికింద్రాబాద్‌లోనే ఉంది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ ఇక్కడ ఒక దోమ పొట్ట గోడలో మలేరియా క్రిమిని చూశాడు. ఆ దోమకి రక్తం ఇచ్చిన రోగి హుసేన్ ఖాన్. కుట్టిన దోమకో అణా చొప్పున ఇచ్చేవాడట రాస్. దోమతో సంబంధం తేలింది ఆ రోజు. క్రిమిని రక్తంలో లావెరన్ చూసింది 1880లో. క్వినైన్ మాత్రం అంతకు ఎన్నో తరాల ముందునుంచీ జ్వరాలు తగ్గిస్తూనే ఉంది, కారణం ఎవరికీ తెలియకుండానే. చెడుగాలి వల్ల వస్తుందనుకుంటూనే సరైన మందు మింగారు. కాబట్టి కారణం తెలిసేదాకా చెయ్యి కదపకూడదనే నియమం పెడితే జనం చచ్చిపోతారు. ఉస్తాద్ కూడా ఆయిల్ మార్చి చూద్దామన్నాడుగా. పరీక్షగా చేసే వైద్యానికీ, తీర్పుగా చేసే వైద్యానికీ తేడా ఆ తర్వాత చెప్పే మాటలో ఉంటుంది: తిరగబెడితే మళ్లీ రా అంటాడా, అయిపోయింది పో అంటాడా.

ఆయిల్ మార్చి, వాల్వు కడిగాక పన్నెండు రోజులకి లైటు మళ్లీ వచ్చింది. గలగల రెండు సెకన్లకి తగ్గింది, పోలేదు. తెరవాలన్నాడు ఉస్తాద్. ఖర్చు వింటే గుండె గుభేలుమంది.

సరిగ్గా అప్పుడే మా తోడల్లుడి కొడుకు కారు కొనాలని చూస్తున్నాడు. కొంపల్లిలో ఉద్యోగం, ఇంట్లో పది నెలల పాప. "పెదనాన్నా, మీది అమ్ముతారా?" అని ఫోను. అతనికి లైటు సంగతి తెలీదు. పాత బండ్ల బ్రోకర్ ఒకాయనకి ఈ మాట చెబితే, "అయిదొందలు పారేస్తే లైటు తీసేస్తడు సార్ ఎవడైనా. వారం దాకా రాదు. అప్పటికి కాయితాలు మారిపోతయ్" అన్నాడు, చాలా మామూలుగా.

కోడ్ చెరపడం నిమిషం పని. చెరిపితే లైటొక్కటే పోదు. లోపం పట్టుకున్న క్షణంలో ఇంజన్ ఎంత వేగంలో ఉంది, ఎంత వేడిలో ఉంది అని కంప్యూటర్ రాసిపెట్టుకున్న పేజీ కూడా పోతుంది. తర్వాత వచ్చే మెకానిక్కుకి ఆధారం లేకుండా చెయ్యడం అది. ఇంకా మొండివాళ్లు బల్బే పీకేస్తారు. తెలివైనవాళ్లు ఆ వైరుని పక్క లైటుకి కలుపుతారు, రెండూ కలిసి వెలిగి కలిసి ఆరేలాగ. ఎందుకంటే తాళం తిప్పగానే లైట్లన్నీ ఒక్కసారి వెలిగి చూపిస్తాయి కదా, ఇదొక్కటే వెలగకపోతే కొనేవాడికి అనుమానం వస్తుంది. ఆ ఒక్క క్షణం వెలగడం ఎందుకో మీమాంసకులు ఎప్పుడో చెప్పారు. భాట్టులు, వాళ్లతోపాటు అద్వైతులు, లేకపోవడాన్ని తెలుసుకోడానికి అనుపలబ్ధి అని వేరే ప్రమాణం ఒప్పుకున్నారు. "ఇక్కడ కుండ లేదు" అని నాకు తెలుస్తోంది, కనపడకపోవడం వల్లే. కానీ దానికో షరతు: ఉంటే కనపడి తీరే పరిస్థితి ఉండాలి. చీకట్లో కుండ కనపడలేదంటే లేదని కాదు. తాళం తిప్పినప్పుడు వెలిగే లైటు చెప్పేది అదే, తప్పుంటే నేను వెలిగేదాన్ని, వెలగగలను, చూసుకో అని. బల్బు పీకినవాడు గది చీకటి చేసి కుండ లేదంటున్నాడు.

మా ఆఫీసు పాత మిత్రుడొకాయనతో ఇదంతా స్టేషన్ ఎదురుగా ఇరానీ హోటల్లో పెట్టాను. ఆయన వాదన తేలిగ్గా తీసిపారేసేది కాదు. "పాత బండి కొనేవాడు ఏం కొంటున్నాడో వాడికి తెలుసు. ధర తక్కువుండేది అందుకే. నువ్వు అబద్ధం చెప్పక్కర్లేదు, అడిగితే చెప్పు. అడక్కపోతే నోరు మూసుకో. మెకానిక్కుని తెచ్చుకోవద్దని అన్నావా నువ్వు?" ధరలో రిస్కు కలిసి ఉంటుందన్నది నిజమే. కానీ ఇద్దరికీ తెలియని రిస్కుకి ధర కట్టొచ్చు. ఒకడికి తెలిసి, రెండోవాడికి తెలియకుండా తుడిచేసిన దానికి ధర ఎలా కడతారు? ఆరిపోయిన డాష్‌బోర్డు ఊరికే ఉండదు. ఏ తప్పూ లేదని చెబుతుంది. నేను నోరు మూసుకున్నా నా తరఫున అది మాట్లాడుతూనే ఉంటుంది. ద్రోణుడి యుద్ధం రోజున ధర్మరాజు నోట వచ్చిన మాటలన్నీ నిజమే. చివరి మాటని మాత్రం చిన్నగా అన్నాడు, దాని మీద శంఖాలు మోగాయని మన హరికథల్లో చెబుతారు. శబ్దాన్ని శబ్దంతో ముంచెయ్యడం. మన అయిదొందల రూపాయల పని శంఖం పూరించడం లాంటిదే, కాకపోతే నిశ్శబ్దంతో.

"మన పిల్లాడు కాబట్టి నీకింత పట్టింపు. ముక్కూ మొహం తెలియనివాడైతే?" అన్నాడాయన, ఉస్మానియా బిస్కట్టు చాయ్‌లో ముంచుతూ. ఆలోచించాను. చుట్టం విషయంలో నాకు ఎక్కువగా ఉన్నది పెళ్లిళ్లలో మొహం చూపించాలన్న భయం. ఆ భయాన్ని తీసి పక్కన పెడితే బాకీ ఇద్దరికీ ఒకటే. చెయిన్ పన్ను జారితే చాలా ఇంజన్లలో పిస్టన్లు వెళ్లి వాల్వుల్ని కొడతాయి, ఇంజన్ అక్కడికక్కడే ఆగుతుంది. మేడ్చల్ హైవే మీద రాత్రి పదింటికి మధ్య లేన్‌లో ఆగిపోయే బండిలో ఎవరి పాప ఉందన్నది చూసి బాకీ పెరగదు, తగ్గదు. మిత్రుడు దీనికి ఒప్పుకోలేదు. బిల్లు మాత్రం ఆయనే కట్టాడు.

పిల్లాడికి ఫోన్‌లో అంతా చెప్పాను, కోడ్ నంబరుతో సహా. అతను ఇంతసేపు విని, "అయితే పెదనాన్నా, ఎంత తగ్గిస్తారు?" అన్నాడు. ఈ కాలం పిల్లలు మేలు. తగ్గించి అమ్మేద్దామా, బాగుచేయించి అమ్ముదామా అని రెండు రోజులు లెక్కలు వేసి, తెరవమని ఉస్తాద్‌కి చెప్పాను. ఏం పాడైందో తెలియని వస్తువుకి ఎంత తగ్గించాలో నాకు తోచలేదు.

సామాను రాణీగంజ్ నుంచి తెప్పించాడు. మూడో రోజు రమ్మంటే వెళ్లాను. ఒక ట్రేలో కిరోసిన్‌తో కడిగిన పాత ముక్కలు. చెయిన్‌ని కొత్తదాని పక్కన పెట్టి చూపించాడు. తేడా ఉంది గాని కొద్దిగా, అగ్గిపుల్ల మందం కూడా లేదు. ప్లాస్టిక్ గైడ్ మాత్రం ఒక వైపు కాలవ పడి, పై కొన విరిగి ఉంది. విరిగిన ముక్క కింద ఆయిల్ పాన్‌లో దొరికిందట, దాన్నీ పక్కనే పెట్టాడు. "చెయిన్ అనుకున్న నేను. గైడ్ సార్," అన్నాడు. ఆయన గొంతులో సంజాయిషీ లేదు, గొప్పా లేదు. చెయిన్, టెన్షనర్, గైడ్లు సెట్టు మొత్తం కొత్తవి వేశాడు, ఇంతదూరం తెరిచాక ఒక్కటి మార్చి మూసేస్తే అర్థం లేదని. పాతవి ఒక గుడ్డ సంచిలో మూటగట్టి ఇచ్చాడు.

అప్పుడు స్కానర్ బయటికి తీశాడు. అదే కోడ్, అదే మీట, బ్రోకర్ అయిదొందలకి నొక్కిస్తానన్నది. నొక్కాడు. లైటు పోయింది. అయితే చెరిపిన వెంటనే బండి తన పరీక్షలన్నీ మొదట్నించీ చేసుకోవాలి, అవి పూర్తయ్యేదాకా స్కానర్‌లో ఇంకా కాలేదనే చూపిస్తుంది. చల్లగా స్టార్టవడం, సిగ్నల్లో ఆగడం, హైవే వేగంలో కాసేపు పోవడం, ఇవన్నీ జరగాలి. ఎవరైనా పాత బండి కొనేటప్పుడు స్కానర్ పెట్టి ఈ పరీక్షలు పూర్తయ్యాయో లేదో చూడమనండి. లైటు ఆరి ఉండి, పరీక్షలన్నీ ఖాళీగా ఉన్నాయంటే ఈమధ్యే ఎవరో చెరిపారని. బ్యాటరీ తీసి పెట్టినా అలాగే ఉంటుంది, కాబట్టి అది కూడా ఖాయం కాదు, అడగాల్సిన ప్రశ్న.

పిల్లాడికి ఈ సంగతి కూడా చెప్పి, పదిరోజులు తిప్పాక వచ్చి చూసుకోమన్నాను. ఆ మధ్యలో తుర్కపల్లి దాకా ఒకసారి వెళ్లొచ్చాను. లైటు రాలేదు. శనివారం రాత్రి అతను ఫోన్ చేశాడు. "పెదనాన్నా, రేపు పొద్దున ఆరింటికి వస్తా. నేనొచ్చేదాకా బండి స్టార్ట్ చెయ్యకండి. చల్లగా ఉన్నప్పుడు నేను వినాలి."